ఉప్పు తిన్న నవల

నరసాపురం డిపోలో నాలుగు రోజుల సెలవు దొరికితే
నేను ముందు వెళ్ళేది తమ్మయ్య అద్దె పుస్తకాల కొట్టుకి.
చీర కొనేటప్పుడు కూడా ఇంతసేపు ఎంచను.

సముద్రం దగ్గర చదివే నవలకి
నా షరతులు నాకున్నాయి.
మరీ బరువుండకూడదు,
పడుకుని చదివితే గుండె మీద అట్ట అచ్చు పడేంత.
మరీ తేలికా వద్దు, నా కంటే ముందు గాలి చదివేస్తుంది.
వాన ఎక్కువున్న కథ వద్దు, మే నెలలో అసూయ పుడుతుంది.
బస్సు ప్రయాణంతో మొదలయ్యేవి అసలే వద్దు,
తొమ్మిదేళ్ళుగా నా కథంతా అదే,
చిల్లర గొడవతో సహా.

తమ్మయ్య కుర్చీలోంచి లేవడు.
కళ్ళద్దాల పైనుంచి చూసి
"ఈ ఏడు ఏడుపా, నవ్వా?" అంటాడు,
టీలో పంచదార అడిగినట్టు.
"దొంగెవరో చివరిదాకా తెలీనిది" అన్నాను.
కాసేపు ఆలోచించి,
పై అరలోంచి ఎర్ర బైండు ఒకటి దులిపి ఇచ్చాడు.
రోజుకి రెండు రూపాయలు. తడిస్తే పూర్తి ఖరీదు.

పేరుపాలెం.
సరుగుడు నీడలో పాత దుప్పటి పరిచి
ముంజలు ఒలిచిన జిగురు వేళ్ళతోనే పేజీ తిప్పాను.
ఇసక ముందే ఉంది అందులో.
ఎవరో ఇక్కడికే తెచ్చుకున్నారన్నమాట.
నలభై రెండో పేజీ మడతలో గోరంత గవ్వ ముక్క,
అంచున పెన్సిలుతో: "ఈ వకీలుని నమ్మకండి."
ఎనభయ్యో పేజీలో వేరే చేతిరాత, ఆకుపచ్చ సిరా:
"నేను నమ్మాను. అయినా బాగానే ఉంది."
ఆ ఇద్దరూ ఎప్పుడైనా నా బస్సెక్కారేమో.
టిక్కెట్టు కొట్టి ఇచ్చే ఉంటాను, మొహం చూడకుండా.

నవలలోనూ ఒక సముద్రం ఉంది.
నీలంగా, మర్యాదగా,
హీరోయిన్ నిట్టూర్చినప్పుడల్లా ఒక కెరటం పంపుతుంది.
మా సముద్రం అల్లం టీ రంగు.
గోదారి తెచ్చి పోసిన మట్టిని ఏం చేసుకోవాలో తెలీక
ఇంకా కలుపుతూనే ఉంటుంది.
రాసినాయన ఎక్కడా
ఎండుచేపల వాసనకి పేరా మధ్యలో ఆగి ముక్కు మూసుకోలేదు.
ఆ పని నేనే చేశాను,
అక్కడ వీలునామా మాయమవుతుండగా.

నెత్తళ్ళు ఆరబోస్తున్న కాసులమ్మ
"ఏముందే అందులో, అంతలా కళ్ళు పెట్టేసేవు?" అంది.
చెప్పడం మొదలెట్టాను:
మేడ, ముసలాయన, వకీలు, కనపడకుండా పోయిన తమ్ముడు.
చేపలు తిరగేస్తూ ఊ కొట్టింది.
కాకుల్ని తోలడానికి తప్ప ఊ ఆపలేదు.

మూడో రోజు సాయంత్రం
రెండు వందల ఎనిమిదో పేజీ తిప్పితే
అట్ట.
ఆఖరి పదహారు పేజీలు లేవు.
కుట్టు దారం మాత్రం వేలాడుతోంది.

కాసులమ్మ పకపకా నవ్వింది.
"కాయితాలు పోతే కథెక్కడికి పోద్దే?
ఆ తమ్ముడు చచ్చిపోలేదు. వేటకెళ్ళి దారి తప్పుంటాడు.
మావోడు పదకొండు రోజులకొచ్చాడు
కాకినాడ వైపు కొట్టుకుపోయి.
వచ్చి ముందు అన్నం అడిగాడు."
ఇక నవ్వలేదు. గంప సర్దుకుంది.

నవలలో వేట లేదు, పడవ లేదు,
తమ్ముడు బ్యాంకు ఆఫీసరు.
నేను సరిదిద్దలేదు.
టిక్కెట్ల సంచిలోంచి పెన్ను తీసి
వెనకట్ట లోపల రాశాను:
"తమ్ముడు పదకొండు రోజులకి వచ్చాడు.
వచ్చి ముందు అన్నం అడిగాడు."

కొట్టు దగ్గర పుస్తకం ఇస్తే
తమ్మయ్య అరచేతిలో తూచి చూశాడు.
"పొంగింది. ఉప్పు తినొచ్చిందిగా."
"పేజీలు లేవని తెలిసే ఇచ్చారా?"
"తొంభయ్యారు తుఫానులో పోయాయి.
చివరిదాకా తెలీనిది కావాలన్నావుగా మరి."

ఎనిమిది రూపాయలు తీసుకున్నాడు.
తడి సంగతి ఎత్తలేదు.
వెనకట్ట తెరిచి రెండుసార్లు చదివి,
అద్దాలు తీసి తుడుచుకుని
కాస్త కోపంగానే అడిగాడు:
"అన్నంలోకి ఏం కూరో రాయలేదేం?"